గజ్జె నుంచి జరీ అంచు దాకా: తెలుగు గానవేదికపై ఆహార్య పరిశీలన

ఉపోద్ఘాతం

నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, సాత్త్వికం, ఆహార్యం అని నాలుగు విధాలుగా విభజించింది. నటుడు ధరించే వస్త్రాలు, పెట్టుకొనే ఆభరణాలు, పూసుకొనే రంగులు ఆహార్యం కిందికి వస్తాయి. పాత్రను బట్టి ఇవి ఎలా మారాలో భరతుడు విపులంగా చెప్పాడు. గాయకవాదకుల బృందాన్ని కుతపమని పేర్కొని, రంగం మీద వారి స్థానాన్ని కూడా నిర్దేశించాడు. కానీ ఏ పాత్రనూ ధరించకుండా, తాను తానుగానే సభముందుకు వచ్చి పాడే గాయకుని వేషం శాస్త్రచర్చలో ప్రధానాంశం కాలేదు. పదమూడో శతాబ్దికి చెందిన శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలోని ప్రకీర్ణకాధ్యాయంలో గాయకుని గుణదోషాలను లెక్కించాడు. మనోహరమైన కంఠం, రాగతాళజ్ఞానం, ఆలప్తి నైపుణ్యం, శ్రమను జయించడం వంటివి గుణాలు. పళ్ళు బిగబట్టి పాడడం, కళ్ళు మూసుకొని పాడడం, మెడ వంకరగా పెట్టి పాడడం వంటివి దోషాలు. గాయకుని వస్త్రాల ప్రసక్తి ఈ లెక్కలో లేదు. గాయనుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గాయకులకు చెప్పిన గుణాలతోపాటు రూపయౌవనాలు కూడా చేరాయి. పురుషుణ్ణి చెవితో కొలిచి, స్త్రీని చెవితోను కంటితోను కొలిచే ఈ భేదం శాస్త్రగ్రంథంలో ఒక చిన్న చేర్పుగా కనిపిస్తుంది. వేదికమీద అది చిన్నది కాదు.

తెలుగు ప్రదర్శన కళల పరిశోధనలో సాహిత్యపాఠానికి దక్కిన శ్రద్ధ ఆహార్యానికి దక్కలేదు. కథావస్తువు, ఛందస్సు, భాష, ఇతివృత్త భేదాలు విస్తృతంగా చర్చకు వచ్చాయి. వేషధారణ మాత్రం సాధారణంగా ఒక వర్ణనాత్మక పేరాతో ముగుస్తుంది: పట్టుపంచె, ఉత్తరీయం, పూలదండ, గజ్జెలు. ఎవరు ఏం కట్టుకొన్నారో ఆ జాబితా చెబుతుంది. ఆ కట్టు పాటకు ఏం చేస్తుందో చెప్పదు. గాయకుని వేషం రెండు విధులను నిర్వహిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మొదటిది పాటకు పనిచేయడం: లయను పలికించడం, దేహాన్ని కదలనివ్వడం, కథనానికి తోడ్పడడం. రెండోది పాడే వ్యక్తికి పూచీ పడడం: ఆ వ్యక్తి ఎవరో, సభలో నిలబడే అర్హత ఏమిటో చూపరులకు చెప్పడం. మొదటి విధి తగ్గినచోట రెండోది బరువెక్కుతుందని, ఆ బరువు స్త్రీపురుషుల మీద సమానంగా పడలేదని హరికథ, బుర్రకథ, శాస్త్రీయ సంగీత కచేరీ, ప్రజాగానం అనే నాలుగు రంగాల ఆధారంగా నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

వాద్యంగా మారిన ఆభరణం

తెలుగు సాహిత్యంలో వీధిగాయని చిత్రణకు క్రీడాభిరామం ప్రసిద్ధమైన ఆధారం. ఓరుగల్లు వీధుల్లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి చూసే వింతల్లో పల్నాటి వీరుల కథ పాడే స్త్రీ ఉంది, కామవల్లి కథ పాడుతూ వచ్చే జక్కుల పురంధ్రి ఉంది. జక్కుల పురంధ్రిని వర్ణించే సీసంలో కవి ఆమె అందాన్ని విడిగా, గానాన్ని విడిగా చెప్పలేదు. వాద్యపు మోత తారస్థాయి కంఠానికి గౌరవం కల్పించడం, శ్రుతి పెంచడానికి తాడు బిగించడం, చిరుగంటల గుత్తి తాళంతో మేళవించడం ఒకే చూపులో వచ్చాయి. చిరుగంటలు ఇక్కడ సొగసు కోసం ఉన్నవి కావు. అవి తాళంలో భాగం. చూడదగిన వస్తువు వినదగిన వస్తువు కూడా కావడం ఈ వర్ణనలోని ముఖ్యాంశం.

ఈ లక్షణమే తరువాతి ప్రదర్శన రూపాల్లో గజ్జెగా కొనసాగింది. ఆధునిక హరికథకు రూపురేఖలు దిద్దిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) గాయకుడు, కవి, నర్తకుడు, లయజ్ఞుడు. రెండు చేతులు, రెండు కాళ్ళు, శిరస్సుతో వేర్వేరు తాళాలను ఏకకాలంలో నిర్వహించే పంచముఖి ప్రక్రియ ఆయన ఖ్యాతికి ఒక కారణం. అటువంటి గానంలో కాలిగజ్జె అలంకారం కాజాలదు. పాదం వేసే దెబ్బను సభ చివరి వరుసకు వినిపించే సాధనం అదే. గజ్జె విప్పితే దాసు వేషంలో ఒక వస్తువు తగ్గడంతో సరిపోదు, కథలో ఒక గొంతు తగ్గుతుంది. పంచెకట్టు కూడా ఈ అవసరానికి లోబడినదే. నిలబడి, నడిచి, గిరుక్కున తిరిగి, పాదం ఎత్తి తాళం వేయవలసిన వానికి కాళ్ళకు అడ్డుపడని కట్టు కావాలి. నడుముకు బిగించిన ఉత్తరీయం ఆ కట్టును నిలబెడుతుంది.

బుర్రకథలో ఈ సంబంధం మరింత స్పష్టం. అందె అన్న మాటకు కాలి ఆభరణమని అర్థం. బుర్రకథకుడు అందెలను చేతివేళ్ళకు ధరించి, తంబురా మీటుతూ వాటితో లయను పలికిస్తాడు. పాదం నుంచి వేలికి చేరిన ఈ ఆభరణం పేరును నిలుపుకొని పనిని మార్చుకొంది. ఏది వేషమో ఏది వాద్యమో విడదీయలేని స్థితి ఇది. బుర్రకథ ముద్రిత పాఠాన్ని మాత్రమే చదివే పరిశోధకుడికి ‘తందాన తాన’ అన్న వంత కాగితం మీద కనిపిస్తుంది. ఆ వంత ఏ అందెల దరువుమీద, ఏ గజ్జెల అడుగుమీద నిలిచిందో కనిపించదు.

ఏ పాత్రకూ చెందని వేషం

నటుని ఆహార్యం వ్యక్తిని దాచి పాత్రను చూపుతుంది. కథాగాయకుని వేషం అందుకు భిన్నం. హరికథకుడు ఒకే గంటలో రుక్మిణి, శ్రీకృష్ణుడు, శిశుపాలుడు, పిట్టకథలోని పల్లెటూరి అమాయకుడు కావలసి ఉంటుంది. వీరిలో ఎవరి వేషం వేసుకొన్నా మిగతా పాత్రలు దూరమవుతాయి. అందుచేత అతని వేషం ఎవరికీ చెందకుండా, అందరికీ చోటివ్వాలి. ఉత్తరీయం ఈ పనికి అనువైన వస్త్రం. అది కొంగు కాగలదు, పగ్గం కాగలదు, వింటినారి కాగలదు, మరుక్షణం మళ్ళీ దాసుగారి ఉత్తరీయమే అవుతుంది. కుట్టని వస్త్రానికి ఉన్న ఈ స్వేచ్ఛ కుట్టిన వేషానికి లేదు.

బుర్రకథలో కథకుడు, హాస్యపు వంత, రాజకీయపు వంత అనే ముగ్గురికి మూడు పనులు ఉన్నాయి. తలపాగా, పొడవాటి అంగరఖా, నడుముకట్టు, గజ్జెలు కథకుణ్ణి వీరగాథ చెప్పే వానిగా నిలబెడతాయి. జంగం కథగా ఉన్నప్పుడు ఈ రూపం ఒక మతానికి, ఒక వృత్తికి చెందినవారి చేతిలో ఉంది. ఆ గాయకుల మీది శైవచిహ్నాలు వారి పాడే హక్కును కూడా చెప్పేవి. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ కళను చేపట్టినప్పుడు పాడే హక్కుకు ఆధారం మారింది. సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ వంటి కథల్లో నాయకుడు రాజు కాడు, శ్రమజీవి. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన, దూదేకుల కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ (1920–1997) ఈ రూపానికి పర్యాయపదంగా నిలిచాడు. నాజర్ ఏ మతానికి చెందినవాడన్న ప్రశ్న ఆ వేషం ముందు అప్రస్తుతమైంది. తలపాగా, అంగరఖా ఒక కులానివీ కావు, ఒక మతానివీ కావు, అవి కథకునివి. వేషం పుట్టుకకు పూచీ పడడం మాని కథకు పూచీ పడింది. ఈ మార్పును పాఠంలోని రాజకీయ భావాల మార్పుతో సమానమైనదిగా గుర్తించవలసి ఉంది.

ఒకే గజ్జె, రెండు అర్థాలు

పై రెండు రంగాల్లో గజ్జెకు గౌరవం ఉంది. అదే గజ్జె స్త్రీ పాదాన ఉన్నప్పుడు పందొమ్మిదో శతాబ్ది చివరి దశకాల్లో అపవాదు అయింది. కందుకూరి వీరేశలింగం, రఘుపతి వెంకటరత్నం నాయుడు వంటి సంస్కర్తలు మద్దతు పలికిన నాచ్ వ్యతిరేకోద్యమం మేజువాణీలను బహిష్కరించమని కోరింది. ఆ ఉద్యమం లేవనెత్తిన నైతిక ప్రశ్నల ప్రాధాన్యాన్ని కాదనలేం. అయితే అది గానాన్ని, నర్తనాన్ని వృత్తిగా స్వీకరించిన స్త్రీల వేషాన్నీ నడవడినీ ఒకే గాటకట్టింది. దాసుగారి గజ్జె భక్తిని పలికితే, మేజువాణి గజ్జె భోగాన్ని పలికిందని సమాజం విన్నది. లోహం ఒకటే, లయ ఒకటే. విన్న చెవి వేరు.

గురజాడ అప్పారావు ఈ సంకటాన్ని కన్యాశుల్కంలో నాటకీయంగా పట్టుకొన్నాడు. సంగీతం తెలిసిన, లోకం తెలిసిన మధురవాణి వేశ్యల ముఖం చూడనని నియమం పెట్టుకొన్న సౌజన్యారావు పంతులు దగ్గరికి పురుషవేషంలో వెళుతుంది. ఆమె వాదనలో, తెలివిలో మార్పు లేదు. మారింది వేషం ఒక్కటే. ఆ మార్పుతోనే ఆమె మాట వినదగిన మాట అయింది. ఈ సన్నివేశాన్ని సాధారణంగా మధురవాణి చాతుర్యానికి, గురజాడ నాటక నిర్మాణానికి ఉదాహరణగా చెబుతారు. వేషం మాటకు పూచీ పడే సమాజంలో స్త్రీ గొంతు ఎంత షరతులతో వినబడుతుందో చెప్పే సాక్ష్యంగా కూడా దీన్ని చదవాలి. వేషం తొలగిన తరువాత సౌజన్యారావు ఎదుర్కొనే ఇబ్బంది ఆయన ఒక్కడిది కాదు. గానాన్ని ఆస్వాదిస్తూ గాయనిని దూరం పెట్టిన ఒక తరానిది.

ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధంలో మద్రాసు కేంద్రంగా సభా సంస్కృతి స్థిరపడింది. 1928లో మద్రాసు సంగీత అకాడమీ ఏర్పడింది. ఆనాడు కోస్తాంధ్ర, రాయలసీమ ప్రాంతాలు మద్రాసు రాజధానిలో భాగం కావడం చేత అక్కడ స్థిరపడిన మర్యాదలు తెలుగునేల మీది సభలనూ ప్రభావితం చేశాయి. 1947లో దేవదాసీ అంకిత నిషేధ చట్టం వచ్చింది. ఈ క్రమంలో గాయని దేహం నిలబడడం మాని కూర్చుంది. కాలికి గజ్జె లేదు. నడుము కింది భాగం చీర మడతల్లో మరుగైంది. కచేరీలో వేషానికి లయతో సంబంధం తెగిపోయింది. పాటకు చేసే పని పోయాక వేషానికి మిగిలింది పూచీ పడే పని ఒక్కటే. అంచున్న పట్టుచీర, తలలో పూలు, నుదుట కుంకుమ, ముక్కుపుడక కలిసి, పాడుతున్న స్త్రీ కుటుంబ మర్యాద కలదని సభకు విన్నవించే భాషగా స్థిరపడ్డాయి.

ఎం.ఎస్. సుబ్బులక్ష్మి ధరించిన పట్టుచీర రంగు ఆమె పేరుతోనే ప్రసిద్ధమైంది. ఒక గాయని ఎంపిక వేలాది స్త్రీల చీరల ఎంపిక అయిందంటే అది ఆమె ప్రభావానికి నిదర్శనమే. కానీ అదే ప్రభావం గాయని ఎలా కనిపించాలన్న నమూనాను కూడా స్థిరపరచింది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ రంగురంగుల పట్టు జుబ్బాలను సభ ఆయన వ్యక్తిగత అభిరుచిగా స్వీకరించింది. వాటిని ఆయన శీలానికి సూచికగా ఎవరూ చదవలేదు. పురుషుని ఎంపిక అభిరుచిగా, స్త్రీ ఎంపిక నడవడిగా పరిగణింపబడడమే ఇక్కడి అసమానత.

ఇందుకు ప్రతివాదం కూడా ఉంది. ఆ పట్టుచీర లేకుంటే గాయనులకు సభాద్వారం తెరుచుకొనేది కాదని, మర్యాద అనే కవచం ధరించే వారు తమ కళను కాపాడుకొన్నారని అనవచ్చు. ఈ వాదంలో సత్యముంది. బెంగళూరు నాగరత్నమ్మ (1878–1952) జీవితం దానికి మరో పార్శ్వాన్ని చూపుతుంది. ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని 1910లో ప్రకటించిన ఈ విదుషి తన నగలను, సంపాదనను తిరువయ్యారులో త్యాగరాజ సమాధి మందిర నిర్మాణానికి వెచ్చించింది. వేదికమీద తన స్థానాన్ని తెలిపే ఆభరణాన్ని ఆమె అందరు గాయకులూ చేరగల స్థలంగా మార్చింది. ఆమెకు పూచీ పడింది ఒంటిమీది నగ కాదు, నగను విడిచిన నిర్ణయం. కవచం ఒక కాలంలో అవసరమైందని అంగీకరించడం, ఆ కవచాన్ని సంప్రదాయమని శాశ్వతం చేయడం ఒకటి కాదు.

కచేరీ మర్యాద తీసివేసిన గజ్జెను తెలుగుస్త్రీలు మరో రెండు దారుల్లో తిరిగి కట్టుకొన్నారు. 1940ల్లో మోటూరు ఉదయం వంటివారు మహిళా బుర్రకథ దళంతో వేదికనెక్కారు. తరువాతి దశకాల్లో స్త్రీలు హరికథా భాగవతారిణులుగా పేరు పొందారు. తూర్పుగోదావరి సీమలోని కపిలేశ్వరపురం హరికథా పాఠశాల బాలికలకు ఈ విద్య నేర్పింది. నడుముకు బిగించిన కొంగు, మెడలో దండ, చేత చిరుతలు, కాళ్ళ గజ్జెలతో నిలబడిన భాగవతారిణి వేషంలో చీర మళ్ళీ పనిలో పడింది. మేజువాణితో పాటు అపవాదు పాలైన గజ్జె ఆమె పాదాన గౌరవాన్ని తిరిగి పొందింది. దీన్ని హరికథ చరిత్రలో ఒక అనుబంధంగా కాక, తెలుగు గాయని దేహం వేదికమీద తిరిగి నిలబడిన ఘట్టంగా గుర్తించాలి.

నాదానికి అడ్డుపడే వస్త్రం

కచేరీలో వేషం లయకు పనిచేయడం లేదన్న మాత్రాన అది నాదంతో సంబంధం లేని వస్తువని అనుకోవడం పొరపాటు. పనిచేయని వస్త్రం అడ్డుపడగలదు. వీణ వాయించే ఎడమచేతికి గాజులు ఎక్కువైతే దండిమీద వాటి చప్పుడు తీగ నాదంతో పోటీపడుతుంది. కర్ణాటక పద్ధతిలో కూర్చుని వాయించే వయొలిన్‌కు ఒక కొన ఛాతీ దగ్గర, మరొక కొన పాదం దగ్గర ఆనుతుంది. జారే పట్టు, గుచ్చుకొనే జరీ అక్కడ ఆటంకాలే. మృదంగం వాయించేవారికి కాళ్ళు అమర్చుకొనే తీరు ముఖ్యం కనుక పంచెకట్టుకు అనువైన ఆసనం చీరకట్టులో మరో విధమైన సర్దుబాటు కోరుతుంది.

ఘటం ఇందుకు ఉత్తమోదాహరణ. ఘటం మూతిని కడుపుకు ఆనించి, దూరం చేసి మంద్రనాదాన్ని మార్చడం ప్రసిద్ధమైన వాదనపద్ధతి. పురుష కళాకారుడు చొక్కా గుండీలు విప్పి కూర్చోవడం సభకు వింత కాదు. స్త్రీకి ఆ అవకాశాన్ని సభామర్యాద ఇవ్వదు. ఆమె వస్త్రానికి ఆనించి అదే గాంభీర్యాన్ని సాధించాలి, లేదా వేరే పద్ధతిని ఆశ్రయించాలి. వస్త్రనియమం ఇక్కడ కేవలం కనుచూపుకు సంబంధించినది కాదు, నాదస్వరూపాన్నే నిర్ణయిస్తోంది. సంగీత విమర్శ స్త్రీపురుష కళాకారుల వాదనాన్ని పోల్చేటప్పుడు ఈ భౌతిక పరిస్థితిని లెక్కలోకి తీసుకోకపోతే తీర్పు అసంపూర్ణమవుతుంది.

ఎంచుకొన్న గొంగడి

మర్యాదను తిరస్కరించే వేషం కూడా పూచీ పడుతుందా? ఈ ప్రశ్నకు గద్దర్‌గా ప్రసిద్ధుడైన గుమ్మడి విఠల్‌రావు వేషం ముఖ్యమైన ఆధారం. 1972లో రూపుదిద్దుకొన్న జననాట్యమండలి ద్వారా విస్తృతమైన ఆయన ప్రదర్శనల్లో గోచీకట్టు, భుజాన గొంగడి, కాలికి గజ్జె, చేత కర్ర స్థిరమైన అంశాలు. ఒగ్గుకథ, యక్షగానం వంటి తెలంగాణ ప్రదర్శన రూపాల దేహభాష ఇందులో కలిసింది. గజ్జె మళ్ళీ దరువుకు పనిచేసింది. గోచీకట్టు ఎగిరి దూకడానికి వీలిచ్చింది. గొంగడి కప్పు, పరుపు, మూట అవుతూ దాసుగారి ఉత్తరీయం చేసిన పనిని మరో వర్గజీవితంలోకి తెచ్చింది. వేషానికి చెప్పిన మొదటి విధి ఇక్కడ సంపూర్ణంగా నెరవేరింది.

రెండో విధి సంక్లిష్టమైనది. గద్దర్ చదువుకొన్నవాడు, కొంతకాలం బ్యాంకు ఉద్యోగం చేసినవాడు. గొంగడి గొర్రెల కాపరుల జీవితంలోంచి వచ్చిన వస్త్రం. ఆయన దాన్ని కావాలని ఎంచుకొన్నాడు. కావాలని ఎంచుకొన్న వేషం నటుని ఆహార్యం కాదా అన్న సందేహం సహజం. నటుడు ప్రదర్శన ముగియగానే వేషంతోపాటు పాత్ర బాధ్యతనూ విప్పివేయగలడు. గద్దర్ విషయంలో అలా జరగలేదు. పాటకు వచ్చిన ఆదరణ, రాజ్యం నుంచి వచ్చిన ప్రమాదం, రెండూ ఆ వేషంలో కనిపించిన మనిషినే వెతుక్కొంటూ వచ్చాయి. 1997లో ఆయనపై కాల్పులు జరిగాయి. వేదిక దిగినా వేషం వ్యక్తిని వదలనప్పుడు దాన్ని అనుకరణ అనడం కష్టం. అయితే ఈ తర్కం ఆ వేషాన్ని తరువాత ధరించిన ప్రతి గాయకునికీ వర్తించదు. గొంగడి, గజ్జె ఉద్యమసభల్లో, ప్రభుత్వ వేడుకల్లో, చిత్రీకరణల్లో ఒక గుర్తుగా వ్యాపించిన కొద్దీ అది తెలంగాణతనానికి సులువైన చిహ్నమయింది. కదలని దేహం మీది గొంగడికీ, కచేరీలోని జరీ అంచుకూ అప్పుడు భేదం లేదు. రెండూ పూచీ పడడం తప్ప మరో పని చేయవు. తిరుగుబాటు వేషం కూడా మర్యాదవేషం కాగలదన్నది ఇక్కడ గ్రహించవలసిన విషయం.

ముగింపు

క్రీడాభిరామంలోని చిరుగంటల నుంచి గద్దర్ గజ్జె వరకు తెలుగు కథాగానంలో వేషం పాటలో అంతర్భాగంగా ఉంది. కచేరీ ఆ బంధాన్ని తెంచి, వేషాన్ని వ్యక్తి మర్యాదకు సాక్షిగా నిలిపింది. ఆ సాక్ష్యం పురుషుని నుంచి తక్కువగాను, స్త్రీ నుంచి ఎక్కువగాను కోరబడింది. మహిళా బుర్రకథ దళాలు, భాగవతారిణులు వేషానికి తిరిగి పని కల్పించడం ద్వారా ఈ అసమానతకు ఆచరణలో సమాధానం చెప్పారు.

దీన్నిబట్టి ప్రదర్శన కళల పరిశోధనకు రెండు సూచనలు చేయవచ్చు. మొదటిది, పాఠసేకరణతోపాటు గాయకులు ధరించే ప్రతి వస్తువు పేరు, అది దేహంమీద ఉండే చోటు, అది పాటలో చేసే పని నమోదు కావాలి. కళాకారుణ్ణి కూర్చోబెట్టి గజ్జె లేకుండా పాడించి సేకరించిన కథ, ఒక వాద్యం లోపించిన కథ. రెండోది, ఒక వేషాన్ని సంప్రదాయమని పేర్కొనే ముందు అది పాటకు ఏం చేస్తున్నదో, పాడేవారి నుంచి ఏం కోరుతున్నదో వేర్వేరుగా అడగాలి. నేడు వేదికకు సిద్ధమవుతున్న యువగాయని పట్టుచీరను ఎంచుకొన్నా, మానుకొన్నా ఆమె ఎదుర్కొనే తీర్పు ఈ రెండు ప్రశ్నలను కలగాపులగం చేసిన చరిత్ర నుంచి వస్తున్నది. ఆ రెండింటినీ విడదీయగలిగితే ఆమె కట్టును గురించి సభ అడగవలసింది ఒక్కటే మిగులుతుంది: అది పాటను సాగనిస్తున్నదా, లేదా?